తరగతి గదిలో కామిక్స్, గ్రాఫిక్ నవలలు: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. కొన్నేళ్లుగా వారానికి ఒక పీరియడ్ బొమ్మల కథలకు ఇస్తున్నాను. ఈ సంగతి తెలిసిన తోటి టీచర్లు స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లోనూ ఫోన్లలోనూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, వరుసగా చదవక్కర్లేదు. ఇక్కడ గడి అంటే కామిక్‌లో ఒక్కో బొమ్మ ఉండే పెట్టె. బుడగ అంటే పాత్ర మాటలు రాసే బెలూన్.

## మొదలుపెట్టే ముందు

బొమ్మల కథలు అలవాటైతే పిల్లలు మామూలు పుస్తకాలు ముట్టుకుంటారా?

ముట్టుకుంటారు. నేను చూసినంతలో, చదవడంలో వెనకబడిన పిల్లలే ముందుగా వీటి దగ్గరికి వస్తారు. ఒక మాట అర్థం కాకపోయినా బొమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు నడిపిస్తుంది. కథ ఆగకపోతే పిల్లవాడు పుస్తకం మూయడు.

ఈ భయం ఇవాళ్టిది కాదు. అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని 1954లో పెద్ద పుస్తకమే రాశాడు. సెనేట్‌లో విచారణ జరిగింది, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఆంక్షలు పెట్టుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలన్నీ తిరగేసి, ఆయన తన ఆధారాలను మార్చి రాశాడని చూపించారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. "పాఠం పూర్తిచేస్తే బొమ్మల కథ ఇస్తా" అని ఆశపెట్టకండి. అలా ఇస్తే పిల్లలు దాన్ని చాక్లెట్‌లాగే చూస్తారు. చదవాల్సిన పుస్తకంగానే చేతిలో పెట్టండి.

కామిక్, గ్రాఫిక్ నవల, చందమామ కథ అన్నీ ఒకటేనా?

కాదు. తేలికగా తేల్చుకోవాలంటే బొమ్మల మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. కథ పూర్తిగా అర్థమైతే అది బొమ్మలున్న కథ, చందమామలో వచ్చినవి ఎక్కువగా ఇలాంటివే. ఆ పత్రిక చిత్రకారులు శంకర్, చిత్ర గార్ల బొమ్మలు ఎంత గొప్పవైనా అక్కడ కథను నడిపేది వాక్యమే. బొమ్మ మూయగానే కథ కుంటుపడితే అది కామిక్. అదే పద్ధతిలో పుస్తకమంత నిడివితో, బరువైన విషయం చెబితే గ్రాఫిక్ నవల అంటున్నారు.

నాకు బొమ్మలు వేయడం రాదు. ఇది నావల్ల అవుతుందా?

అవుతుంది. గుండ్రటి తల, గీత ఒళ్లు, నాలుగు పుల్లల కాళ్లూ చేతులూ చాలు. నేను బోర్డు మీద వేసేవి అవే. టీచర్ పుల్లల మనిషిని వేస్తే "మేమూ వేస్తాం సార్" అని చేతులు లేస్తాయి. ఇక్కడ మీరు నేర్పేది చదవడం, డ్రాయింగ్ కాదు.

ఇదంతా విదేశీ వ్యవహారం కదా, మన పిల్లలకు ఎందుకు?

అచ్చులో వచ్చిన కామిక్ బయటి నుంచే వచ్చింది. బొమ్మల వరుసలో కథ చెప్పడం మాత్రం మన నేలకు చాలా పాతది. అమరావతి స్తూపం శిల్పాల్లో నలగిరి ఏనుగు ఫలకం ఒకటుంది, ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి రాతిలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట మదించి జనం మీద పడుతుంది, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. దాని ఫోటో చూపించి "ఏనుగులు ఎన్ని?" అని అడిగాను. తరగతంతా "రెండు" అంది. కాసేపటికి వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "ఒకటే సార్, అది ముందు, ఇది తర్వాత" అంది. మధ్యలో గీత లేకుండానే రెండు గడులు చదివేసింది ఆ పిల్ల.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలు ఇంకా దగ్గరి ఉదాహరణ. ఎర్రటి నేపథ్యం మీద అడ్డ పట్టీలుగా విడగొట్టిన బొమ్మలతో గుడ్డ పొడవునా కథ సాగుతుంది. కథకుడు పటం విప్పుతూ, బొమ్మ చూపుతూ పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఇలాగే చెబుతారు. శ్రీకాళహస్తి కలంకారీలోనూ గడులుంటాయి, వాటి దగ్గరే తెలుగులో రాసిన మాటలుంటాయి. మీ ఊరికి దగ్గర్లో ఇలాంటివి ఉంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

## పుస్తకాలు ఎంచుకునేటప్పుడు

తెలుగులో ఏవి దొరుకుతాయి? ఏ తరగతికి ఏవి ఇవ్వాలి?

ప్రాథమిక తరగతులకు కొరత లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వారివి తక్కువ ధరకు వస్తాయి. తూలిక ప్రచురించే తెలుగు-ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలు ఇంగ్లీషు మీడియం పిల్లలకు బాగా పనికొస్తాయి. ఇవి చాలావరకు కామిక్స్ కావు కానీ, బొమ్మను వెతికి వెతికి చదవడం వీటితోనే అలవాటవుతుంది.

ఆరు నుంచి ఎనిమిది వరకు అమర్ చిత్ర కథ తెలుగు సంచికలు, దినపత్రికల్లో వచ్చే పాకెట్ కార్టూన్లు వాడతాను. సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి 2021లో పాఠాలకు అనుబంధంగా వందకు పైగా కామిక్స్ దీక్ష అనే ప్రభుత్వ విద్యా పోర్టల్‌లో పెట్టాయి. వాటినీ ఒకసారి చూడండి.

తొమ్మిది, పది తరగతుల వయసుకు తగిన గ్రాఫిక్ నవలలు తెలుగులో చాలా తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. అందుకే ఇంగ్లీషు పుస్తకంలో పేజీలు చూపించి, కథ తెలుగులో మాట్లాడుకుంటాం.

పెద్ద పిల్లలకు గ్రాఫిక్ నవల ఒకటి చెప్పాలంటే దేనితో మొదలుపెట్టాలి?

నేనైతే 'భీమాయన'తో మొదలుపెట్టమంటాను. అంబేద్కర్ ఎదుర్కొన్న అంటరానితనం కథ అది. 2011లో ఇంగ్లీషులో వచ్చింది. బొమ్మలు వేసినవారు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. బడిలో దాహమేసిన పిల్లవాడు కుళాయి ముట్టుకోకూడదు అన్న దగ్గర మొదలవుతుంది కాబట్టి పిల్లలకు వెంటనే తగులుతుంది.

బొమ్మల పద్ధతి ఇంకా గొప్పది. పేజీని చదరపు గడులుగా కోయలేదు, గోండుల ఇళ్ల గోడల మీది ముగ్గుల్లాంటి అల్లికలతో విడగొట్టారు. మంచిగా మాట్లాడేవారి మాటలు పిట్ట ఆకారంలో ఉన్న బుడగల్లో ఉంటాయి. విషం కక్కే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. ఇది చెప్పకుండా ఒక పేజీ చూపించి "ఈ బుడగకు తోక ఇలా ఎందుకుంది?" అని అడగండి. మా తొమ్మిదో తరగతిలో జవాబు అర నిమిషంలో వచ్చింది.

'మౌస్', 'పర్సెపొలిస్' లాంటి విదేశీ గ్రాఫిక్ నవలలు గొప్ప పుస్తకాలు. 'మౌస్'కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం కూడా వచ్చింది. కానీ వాటిలో యుద్ధం, హింస, చావు ఉన్నాయి. ఇంటర్, డిగ్రీ వయసు వచ్చాక ఇవ్వండి. బొమ్మలున్నంత మాత్రాన పిల్లల పుస్తకం అయిపోదు. మీరు ఆఖరి పేజీ దాకా చదవని పుస్తకాన్ని తరగతిలోకి తీసుకెళ్లకండి.

అమర్ చిత్ర కథలో పాతకాలపు భావాలు ఉన్నాయంటారు. వాడొచ్చా?

వాడండి, ప్రశ్నలు అడుగుతూ వాడండి. అనంత్ పాయ్ 1967లో ఈ వరుస మొదలుపెట్టినప్పటి నుంచి కొన్ని తరాలకు పురాణాలు, చరిత్ర పరిచయం చేసింది ఇదే. రాక్షసుల్ని నల్లగా, వీరుల్ని తెల్లగా వేస్తారని, ఆడవాళ్లకు పని తక్కువని, కింది కులాలవారు అంచుల్లోనే కనిపిస్తారని విమర్శ కూడా అంతే పాతది. ఆ విమర్శను మీరు చెప్పకండి, పిల్లల చేత లెక్కపెట్టించండి. ఒక సంచికలో ఆడవాళ్లు మాట్లాడిన బుడగలు ఎన్ని, మగవాళ్లవి ఎన్ని? ఎవరికి ఏ రంగు వేశారు? లెక్క వాళ్లే బోర్డు మీద రాశాక ఇక మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

పుస్తకం ఒకటే ఉంది, పిల్లలు 45 మంది. జిరాక్స్ తీస్తే తప్పా?

పాఠం చెప్పే క్రమంలో టీచర్ గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకోవడానికి మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. పాఠానికి కావలసిన రెండు మూడు పేజీలు తీయండి. పుస్తకం మొత్తం తీసి పంచడం మర్యాద కాదు, రచయితా చిత్రకారుడూ బతకాలి. స్క్రీన్ ఉన్న తరగతి అయితే పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెద్దగా చూపించండి. అందరి కళ్లూ ఒకే గడి మీద ఉంటాయి కాబట్టి నాకు అదే ఎక్కువ ఇష్టం.

## తరగతిలో

మొదటి పీరియడ్‌లో ఏం చేయాలి?

పుస్తకం తీయకండి. బోర్డు మీద రెండు గడులు గీయండి, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. మొదటి గడిలో ఒక అమ్మాయి చంకలో మట్టికుండతో నడుస్తోంది. రెండో గడిలో నేల మీద పెంకులు, నీళ్లు, వాటి పక్కన ఆ అమ్మాయి పాదాలు, గడి అంచున బయటికి పోతున్న మేక తోక. మాటలేమీ వద్దు.

"మధ్యలో ఏం జరిగింది?" అని అడిగి ఊరుకోండి. చేతులు కట్టుకుని ఎదురుచూడండి.

మొదట అందరూ మేక గుద్దిందంటారు. తర్వాత ఒకడు కాలు జారిందంటాడు, మేక ఆ చప్పుడుకు భయపడి పారిపోయిందట. ఇంకొకరు కుక్క తరిమిందంటారు. మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివర్లో, "ఆమే పడేసింది సార్. రోజూ ఆమెనే నీళ్లకు పంపుతున్నారు" అంది. తరగతి నిశ్శబ్దమైపోయింది. నేను గీసింది పాదాలూ పెంకులూ మాత్రమే. కోపం ఆ పిల్ల తెచ్చింది.

అప్పుడు బోర్డు మీది ఖాళీని చూపించి, "ఇక్కడ నేనేమీ వేయలేదు. ఇన్ని కథలు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడగండి. గడుల మధ్య ఖాళీని చదివేవాళ్లే నింపుతారని వాళ్ల నోటి నుంచే రావాలి. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే అమెరికన్ కామిక్స్ కళాకారుడు 1993లో కామిక్స్ గురించి కామిక్‌గానే ఒక పుస్తకం రాసి, ఈ ఖాళీయే ఈ కళకు గుండెకాయ అన్నంతగా వివరించాడు. పేరు పిల్లలకు అక్కర్లేదు, సంగతి తెలిస్తే చాలు.

తర్వాత పది నిమిషాలిచ్చి, మధ్యలో రావాల్సిన గడిని నోట్‌బుక్‌లో గీయమనండి. ఒకరిది ఒకరు చూసుకోనివ్వండి. 45 నిమిషాలకు ఇది సరిపోతుంది. అచ్చు కామిక్ రెండో పీరియడ్‌లో తీయండి.

రెండు నిమిషాల్లో చదివేసి "అయిపోయింది సార్" అంటున్నారు. ఏం చేయాలి?

వాళ్లు బుడగలు మాత్రమే చదివారు. పేజీ మీద అట్టముక్క పెట్టి ఒక్కో గడి బయటపెట్టండి. ప్రతి గడికీ ప్రశ్న అక్కర్లేదు, పేజీకి ఒకటి రెండు గట్టివి చాలు. అన్నిటికంటే పెద్ద గడి ఏది, దానికే అంత చోటెందుకిచ్చారు? రాత్రి అని మాటల్లో లేకపోయినా నీకెలా తెలిసింది? మనం ఎక్కడ నిలబడి చూస్తున్నాం, చెట్టు మీద నుంచా, నేల మీద నుంచా? పీరియడ్‌కి ఒక్క పేజీ అయినా నష్టం లేదు.

గట్టిగా చదివించొచ్చా?

నాటకంలా చదివించండి. పాత్రకొకరు, కథకుడి మాటలకొకరు. "ఢమాల్", "ఫట్" లాంటివి వెనక బెంచీలవాళ్లందరూ కలిసి అనాలి. మాటల్లేని గడి వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడకుండా మూడు అంకెలు లోపల లెక్కపెట్టుకోవాలి. మౌనం కూడా కథలో భాగమని అప్పుడే తెలుస్తుంది.

నాకు సిలబస్ పూర్తవ్వాలి. వ్యాకరణానికి ఇది పనికొస్తుందా?

తెలుగు వ్యాకరణానికి ఇంతకంటే మంచి బోర్డు నాకు దొరకలేదు. బుడగ అంటేనే ప్రత్యక్ష కథనం. రవి బుడగలో "నేను రేపు రాను" అని ఉంది. బుడగ చెరిపి అదే సంగతి గడి కింద రాయమంటే "తాను మర్నాడు రానని రవి చెప్పాడు" అవుతుంది. 'నేను' 'తాను' కావడం, 'రేపు' 'మర్నాడు' కావడం పిల్లలకు కళ్ల ముందే కనిపిస్తుంది.

ధ్వన్యనుకరణ పదాల్లో మన భాష సంపన్నమైంది. వాన గడి ఒకటి ఇచ్చి చప్పుడు రాయమన్నాను. రేకుల మీద దడదడ, అరిటాకు మీద పటపట, చూరు కింద బక్కెట్లో టప్పు టప్పు అని ఒక్కొక్కరూ ఒక్కో చప్పుడు రాశారు. ఒకడు "మట్టి మీద చప్పుడు రాదు సార్, వాసన వస్తుంది" అని గడి ఖాళీగా వదిలాడు.

యాస గురించి కూడా చెప్పాలి. బుడగలో మనిషి మాట్లాడతాడు కాబట్టి "ఏడికి పోతున్నవ్" అని రాస్తే దిద్దకండి. కథకుడి మాటల్లో ప్రామాణిక భాష రాయించండి. రెండూ ఒకే పేజీలో ఉంటే ఏది ఎక్కడ వాడాలో పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

నేను లెక్కలు, సైన్స్, సోషల్ చెబుతాను. నాకేం పని?

జీన్ లువెన్ యాంగ్ పేరున్న గ్రాఫిక్ నవలా రచయిత, కాలిఫోర్నియాలో హైస్కూల్ టీచర్‌గా పనిచేశారు. ఒకసారి ఆల్జీబ్రా తరగతికి తను రాలేని రోజుల కోసం పాఠాన్ని కామిక్‌గా గీసి పంపితే, పిల్లలు ఆయన ఎదురుగా చెప్పిన పాఠం కంటే అదే బాగుందన్నారట. గడిని మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు, ఎవరి వేగంతో వాళ్లు వెళ్లొచ్చు.

సోషల్‌లో దండియాత్ర తీసుకోండి. 1930 మార్చి 12 నుంచి ఏప్రిల్ 6 దాకా జరిగినదాన్ని ఆరు గడుల్లో చెప్పమనండి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న గొడవ మొదలవుతుంది. చరిత్ర పాఠం ఆ గొడవలోనే ఉంది. సైన్స్‌లో నీటిచుక్కకు ముఖం పెట్టి మాట్లాడిస్తే సరదాగా ఉంటుంది కానీ, చుక్క "పైకి వెళ్లాలనుకుంది" అని రాస్తే దిద్దండి. వేడికి ఆవిరైంది, అంతే.

చూపు సరిగా లేని పిల్లలుంటే?

పక్కన ఒకరిని కూర్చోబెట్టి ప్రతి గడినీ మాటల్లో చెప్పించండి. చెప్పేవాడికి కూడా అది మంచి వర్ణన అభ్యాసం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు తరగతికి ఒకరైనా ఉండొచ్చు, రంగు మీదే ఆధారపడే ప్రశ్న అడగకండి.

## పిల్లల చేత గీయించేటప్పుడు

ఎన్ని గడులతో మొదలుపెట్టాలి?

నాలుగు. శరద్ శర్మ మొదలుపెట్టిన వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్లు పల్లెల్లో మామూలు జనం చేత నాలుగు గడుల గోడ కామిక్స్ గీయించారు. రెండు ఎ4 కాగితాలు అతికించి, నల్ల పెన్నుతో గీసి, జిరాక్స్ తీసి ఊళ్లో గోడలకు అంటించడమే. బడికి ఇది చక్కగా సరిపోతుంది. కథ పుట్టాలి, నడవాలి, మలుపు తిరగాలి, తేలాలి. మొదటిసారే పుస్తకం చేద్దామంటే రెండో పేజీ దగ్గర ఆగిపోతారు.

మాటలు బుడగలో పట్టడం లేదు. ఎలా?

ముందు మాటలు రాసి, తర్వాత వాటి చుట్టూ బుడగ గీయాలి. పిల్లలందరూ తిరగేసి చేస్తారు. మన తెలుగు పదాలు పొడుగు. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు కూడా ఎక్కువ కావాలి. ఇంగ్లీషు కామిక్‌లో బుడగ చూసి అంతే గీస్తే "వెళ్తున్నాను" దగ్గరే నిండిపోతుంది. అందుకే గడిలో పైన మూడో వంతు మాటలకే వదిలేయమని చెబుతాను. బుడగకు పది పదాలు దాటకూడదు. ఎవరు ముందు మాట్లాడతారో వాళ్ల బుడగ పైన, ఎడమవైపు ఉండాలి.

మగపిల్లలు అన్నీ సినిమా ఫైట్లే వేస్తున్నారు. వద్దనాలా?

వద్దనకండి, ఇంకో రెండు గడులు అడగండి. కొట్టుకోవడానికి ముందు ఏమైంది? కొట్టినవాడు ఆ రాత్రి ఇంటికెళ్లాక అమ్మ ఏమడిగింది? ఈ రెండో గడి అడిగిన ప్రతిసారీ కథ మారిపోయింది.

ఫోన్‌లో యాప్‌తో చేయిస్తే త్వరగా అవుతుంది కదా?

త్వరగా అవుతుంది. కానీ పాత్ర చెయ్యి ఎక్కడుండాలి, తల ఎటు తిరగాలి అని పిల్ల ఆలోచించే ఆ పది నిమిషాలూ పోతాయి. మనకు కావలసినవి ఆ పది నిమిషాలే.

## మార్కులు, పెద్దవాళ్లు

మార్కులు ఎలా వేయాలి?

బొమ్మ అందానికి వేయకండి. మొదటి ఏడాది నేను ఆ తప్పు చేశాను. అందంగా గీసిన ఇద్దరికి ఎక్కువ మార్కులిస్తే, మరుసటి వారం తరగతిలో సగంమంది కాగితం ఇవ్వలేదు. ఇప్పుడు పదిలో నాలుగు కథ క్రమానికి, మూడు బుడగల్లో మాటలు ఆ మనిషి అనేలా ఉన్నందుకు, రెండు అక్షరదోషాలు లేనందుకు, ఒకటి గడుల మధ్య తెలివిగా వదిలినదానికి ఇస్తున్నాను. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)లో ప్రాజెక్టు పని ఉన్నచోట దీన్ని దాని కిందే చూపించవచ్చు.

"బడికి పంపింది బొమ్మల పుస్తకాలు చదవడానికా?" అని ఇంట్లో అడిగితే?

వాదించకండి. పిల్లవాడి పాత నోట్‌బుక్, ఇప్పుడు రాసిన కామిక్ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒక తండ్రి ఇలాగే కోపంగా వచ్చారు. ఆయనకు చదువు రాదు. కొడుకు గీసిన నాలుగు గడులు చేతికిస్తే నిలబడే చూశారు. అందులో ఆయన ఆటోయే ఉంది, పంక్చర్ అయి వానలో ఆగిన రోజు. "ఈడు అన్నీ చూస్తాడా" అని అడిగి, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లారు. మార్కులు వేయడానికి నాకు జిరాక్స్ కూడా మిగల్లేదు.

పిల్లలు చేసినవాటిని తర్వాత ఏం చేయాలి?

వారం రోజులు తాడు కట్టి బట్టల క్లిప్పులతో వరండాలో వేలాడదీయండి. తర్వాత పది పదిహేను కలిపి కుట్టి, అట్ట వేసి, లైబ్రరీ రిజిస్టర్‌లో నంబరు ఇచ్చి ఎక్కించండి. నిరుడు ఎనిమిదో తరగతివాళ్లు చేసిన పుస్తకాన్ని ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు వంతులు వేసుకుని ఇంటికి తీసుకెళ్తున్నారు. అట్ట ఇప్పటికి రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ వాళ్లే అతికించారు.